కుక్క పొట్టలో నీరు - కారణం ఎక్కడ?



పొలం దగ్గరా, మంద దగ్గరా రాత్రంతా కాపలా కాసే కుక్కను గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను. వెన్నెముక బయటపడి, పొట్ట మాత్రం కుండలా దిగజారిన కుక్కను మీలో చాలామంది చూచే ఉంటారు. ఇది జలోదరం. నీరు తీయిస్తే సరిపోతుందని కొందరంటారు. ఇల్లు కురుస్తుంటే కింద గిన్నె పెట్టుకుంటే చాలునా? కప్పులో చిల్లు ఎక్కడుందో వెతకాలి. పొట్టలో నీరు కూడా జబ్బు కాదు, జబ్బుకు గుర్తు మాత్రమే.

ముందు అది నీరేనా అని చూడండి. చూడి కుక్కకూ, గర్భసంచిలో చీము పట్టిన కుక్కకూ, ఏలికపాములు పడిన పిల్లకూ పొట్ట పెరుగుతుంది. కుక్కను నిలబెట్టి, ఒక పక్క అరచెయ్యి ఆనించి, రెండో పక్క వేలితో తట్టండి. అల వచ్చి తగిలినట్టుంటే నీరని అనుమానించవచ్చు. ఉన్నట్టుండి ఉబ్బి, తట్టితే డప్పులా మోగుతూ, కుక్క వాంతి రాక ఓకరిస్తుంటే కడుపు మెలిపడి ఉండవచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా ఆగవద్దు.

ఇక కారణం. కళ్లూ చిగుళ్లూ పచ్చబడితే కాలేయాన్ని అనుమానించాలి. దగ్గు, ఆయాసం ఉండి మెడనరం ఉబ్బితే గుండెను చూడాలి. చిగుళ్లు తెల్లగా పాలిపోతే కొంకిపురుగులో, లోపల రక్తస్రావమో కావచ్చు. మూత్రంలో మాంసకృత్తులు పోతుంటే మూత్రపిండాల లోపం.

పశువైద్యుడు సూదితో కొద్దిగా నీరు తీసి పరీక్షిస్తారు. తేటగా ఉండి, 100 మిల్లీలీటర్లలో మాంసకృత్తులు 2.5 గ్రాములకు తక్కువైతే, రక్తంలో ఆల్బుమిన్ తగ్గిందనో, కాలేయం గట్టిపడిందనో ఆలోచిస్తారు. అంతకు మించితే గుండె జబ్బూ, గడ్డలూ లెక్కలోకి వస్తాయి. మడ్డిగా ఉంటే చీము. నెత్తురే వస్తే ఎలుకల మందు తిన్నదో, ప్లీహంలో గడ్డ పగిలిందో చూస్తారు. బండి గుద్దిన కుక్కలో అది మూత్రమే కావచ్చు. రక్తపరీక్ష, స్కానింగు మిగిలిన సంగతి తేలుస్తాయి.

ఒక ముఖ్యమైన సంగతి. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని మనుషులు కామెర్లతో, జలోదరంతో పడిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలకూ ఇదే జబ్బు వచ్చింది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవారు పరిశోధించి, బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషమే కారణమన్నారు. వారు లెక్కించిన 397 మంది రోగులలో వందమందికి పైగా చనిపోయారు. కాబట్టి కుక్కకు పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడితే మీ గాదెలోని గింజనూ, వేరుశనగ చెక్కనూ కూడా ఒకసారి చూసుకోండి. బూజు పట్టినది మనిషికీ వద్దు, పశువుకూ వద్దు.

ఆసుపత్రికి పోయేటప్పుడు పొట్ట ఎన్నాళ్లుగా పెరుగుతున్నదీ, ఏం తిన్నదీ, పురుగుల మందు ఎప్పుడు వేసిందీ, దెబ్బ తగిలిందా అన్నదీ చెప్పండి. ఊపిరాడనప్పుడు వైద్యుడు కొంత నీరు తీస్తారు. అదేపనిగా తీయిస్తే మాంసకృత్తులూ దానితోనే పోయి కుక్క ఇంకా నీరసిస్తుంది. మనుషుల నొప్పి మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు.