వంటింట్ల కేకు, అటక మీద సోడా

ప్రతి ఏడు ఈ మైకు ముందర మేము నూలు ధర, సొసైటీ లెక్క చెప్తం, మీరు ఆవలిస్తరు. ఈసారి ఆడవాళ్లు వంటింటి ముచ్చట చెప్పమన్నరు. సరే, చెప్తం.

సోలాపూర్‌ల మన తెలుగు ఇండ్లకు కాల్చిన తీపి కొత్తది కాదు. దీపావళికి నాన్‌కటాయి పిండి ఇంట్ల కలుపుకొని బేకరీకి పోయి కాల్పించుకొని వచ్చేటోళ్లం. తట్టలు మారిపోయి, మన నెయ్యివి వాళ్లింటికి, వాళ్ల డాల్డావి మనింటికి వచ్చి కొట్లాటలైన సంగతి పెద్దోళ్లకు ఎరుకే. ఇంట్లనే పొయ్యి మీద కేకు చేసుడు మాత్రం 2020 మార్చిల లాక్‌డౌన్ పడ్డంకనే జోరందుకున్నది. మగ్గాలు ఆగినయి, బేకరీకి పోయే తొవ్వ లేదు, పిల్లల పుట్టినరోజులు ఆగవు గద.

ఓవెన్ ఎవరింట్ల ఉన్నది? కుక్కరే ఓవెన్. అడుగున ఉప్పో ఇసుకో పోసి, మూత రబ్బరు, విజిల్ తీసేసి, లోపల గిన్నె పెట్టాలె. మా వాడలో ఒక కోడలు అవి తియ్యలేదు. అత్త పీట వేసుకొని కూర్చొని, 3 విజిళ్లకు దించుదామని చెవులు రిక్కించింది. లోపల చుక్క నీళ్లు లేవు, విజిల్ ఎక్కడిది? ముప్పావు గంటకు రబ్బరు మాడిన వాసన వచ్చింది. కేకు గుంట మగ్గానికి బరువు కట్టనీకి పనికొచ్చేటట్టు తయారైంది.

ఇంకొక ఇంట్ల మనుమరాలు మైదా కలిపి గిన్నె పక్కకు పెట్టి, మిగతాది ఫోన్ల చూస్తున్నది. 40 ఏండ్లు పడుగుకు గంజి పెట్టిన తాత వచ్చిండు. బొటనవేలు, చూపుడువేలు నడుమ పిండి రాసి చూసిండు. "ఇంత చిక్కగుంటే పోగులు అతుక్కపోతయి బిడ్డా" అని చెంబెడు నీళ్లు పోసి, గంజిల వేసే తీర్గ గరిటెడు కొబ్బరినూనె వేసి, కుంచె కోసం వెతుకుతున్నడు. పిల్ల ఏడ్చింది. ఆఖరుకు అందుల ఇంత రవ్వ కలిపి అట్లు పోసుకున్నరు. తీపి అట్లు బాగనే ఉన్నయట. తాతకు మాత్రం అది గంజి కాదని ఇప్పటికీ నమ్మకం లేదు.

నవ్వండి. ఇగ ఈ మూడో ముచ్చట కొంచెం నిదానంగా వినాలె.

మన ఇల్లే మన కార్ఖానా. వంట సామాన్లకు, రంగుల సామాన్లకు నడుమ ఒక్క గోడ, కొందరికి అదీ లేదు. "సోడా తేపో" అని తల్లి అంటే 8 ఏండ్ల పిల్లగాడు ఏ సోడా తెస్తడు? కేకుల వేసే వంట సోడా ఉంటది, ఉతుకుడుకు బట్టల సోడా ఉంటది, రంగు వేసేటప్పుడు వాడే కాస్టిక్ సోడా ఉంటది. అన్నీ తెల్లవే. వాడు బిస్కెట్ డబ్బాల ఉన్న కాస్టిక్ తెచ్చిండు. నానమ్మ చూసింది. వంట సోడా మెత్తటి పిండి, ఇది పెంకులు పెంకులుగ ఉన్నదేంది అని డబ్బా గుంజుకున్నది. పిల్లగాని తడి చెయ్యి అప్పటికే మండుతున్నది. నల్లా కింద చాలాసేపు కడిగి దవాఖానకు తీసుకపోయిండ్రు. చెయ్యి బాగైంది. అదే పిండిల పడి, పిల్లలు వేలు పెట్టి నాకి ఉంటే నోరు, గొంతు కాలిపోయేది.

ఎవరన్న మింగితే కక్కించొద్దు, పైకి వచ్చేటప్పుడు మళ్లీ గొంతు కాలుస్తది. నోరు కడిగి, ఆ డబ్బా చేతబట్టుకొని సీదా దవాఖానకు పోవాలె. హైడ్రో పొడి తడి తగిలితే వేడెక్కి అంటుకుంటది, దాన్ని పొయ్యి దిక్కు రానీయొద్దు.

మా సొసైటీల ఇప్పుడు బిస్కెట్ డబ్బా, పచ్చడి సీసా తెచ్చినోళ్లకు కాస్టిక్ ఇయ్యం. ఎర్ర రంగు కొట్టిన డబ్బా తేవాలె, ఇంటికి పోయినంక తాళం పడే అటక మీద పెట్టాలె. కొందరు అలిగిండ్రు. మొన్న ఒకామె మెరిసే కొత్త కేకు గిన్నె పట్టుకొని వచ్చింది, ఇందుల పొయ్యమని. "గిన్నె బాగుందమ్మా, అందుల కేకే చేసి మాకు పంపు" అని తిప్పి పంపినం. ఆదివారం నిజంగనే కేకు వచ్చింది. అడుగు కొంచెం మాడింది. ఆఫీసుల అందరం గీకి గీకి తిన్నం.