కాలువ వెంట నడిచేవాళ్లుంటేనే కాలువ బతుకుతది
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు ఇప్పుడే విన్నాం. నాకిచ్చిన కొద్ది సమయంలో మా ఊరి పాటు కాలువ గురించి చెప్తాను. కొన్ని ఊళ్లలో దీన్ని కట్టు కాలువ అంటారు. పేరు ఏదైనా, చెరువుకు నీళ్లు తెచ్చేది అదే.

మన దగ్గర చెరువు ఒంటరిగా ఉండదు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు మనవి. పై చెరువు మత్తడి దుంకితే, ఆ నీళ్లు కాలువ వెంబడి కింది చెరువుకు చేరతాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. తర్వాత మా చెరువులో కూడా పూడిక తీశారు. ఆ నల్లమట్టి పొలాలకు తోలుకున్నాం. చెరువు లోతైంది, కానీ నిండలేదు. నీళ్లొచ్చే తొవ్వే పూడిపోయింది మరి. కుండ కడిగి పెట్టినం, నీళ్లు పోసే చెయ్యి లేదు. బతుకమ్మను సాగనంపడానికి కూడా పక్క ఊరి చెరువుకు పోవాల్సి వచ్చింది.

అందుకే సంఘం మీటింగులో ఒక తీర్మానం చేశాం: ముందు కాలువ మొత్తం నడిచి చూద్దాం, తర్వాత పార పడదాం అని. పై చెరువు మత్తడి దగ్గర మొదలుపెట్టాం. మొదట కొంత దూరం పాత రాతి కట్టు గట్టిగానే ఉంది. తర్వాత సర్కారు తుమ్మ, లొట్టపీసు. వంగి పోవడానికి కూడా సందు లేదు. బండ్ల బాట కాడ మోరి ప్లాస్టిక్ కవర్లతో, మట్టితో మూసుకుపోయింది. అది దాటితే కాలువే లేదు, చదునైన పొలం ఉంది. బోర్లు వచ్చినంక కాలువ అవసరం ఎవరికీ గుర్తు లేదు. ట్రాక్టర్ దున్నిన ప్రతిసారీ రెండు సాళ్లు లోపలికి జరిగింది.

ఆదివారం ఆదివారం శ్రమదానం పెట్టుకున్నాం. ఆడవాళ్లం కొడవళ్లు, తట్టలు పట్టుకున్నాం. యువకులు గడ్డపారలు తెచ్చారు. తుమ్మ మొద్దులు మన చేతులకు లొంగలేదు, చందా వేసుకుని ఒక రోజు జేసీబీ పెట్టించాం. వాలు చూడడానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపు సరిపోయింది. కాలువ ఎంత లోతుందన్నది కాదు, కిందికి వాలు ఉందా లేదా అన్నదే ముఖ్యం. నడుమ ఒక్కచోట ఎత్తుంటే నీళ్లు అక్కడే నిలబడతాయి.

అసలు కష్టం మట్టి దగ్గర కాదు, ఆ పొలం దగ్గర వచ్చింది. ఆ పొలం మన సంఘం సభ్యురాలిదే. పేరు చెప్పను. "నాకున్నదే ఎకరం. నేను కొన్నప్పుడే ఇట్ల చదునుగుండె. ఇప్పుడు కాలువంటే నా పిల్లలేం తినాలె?" అని అడిగింది. ఆమె మాటలో తప్పు లేదు. గ్రామ నక్షాలో కాలువ ఉన్నదీ నిజమే. కొందరు ఆమె లోన్ ఆపుదామన్నారు. మేం ఒప్పుకోలేదు. లోన్ ఆమె పొదుపు మీద వచ్చిన హక్కు, బెదిరించే కట్టె కాదు.

నాలుగు సార్లు కూర్చున్నాం. సర్వేయరుతో హద్దులు పెట్టించాం. చేతికొచ్చే పంట కోసేదాకా ఆగాం. కాలువను గెట్టు వెంబడి తీశాం. తీసిన మట్టి ఆమె పొలానికే పోశాం. కాలువ గట్టు మీద కంది పెట్టుకునేది, పశువులకు గడ్డి కోసుకునేది ఆమే అని తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. చివరి ఆదివారం ఆమె కూడా పార పట్టుకుని వచ్చింది.

ఆ వానాకాలం చెరువు మత్తడి దుంకలేదు. అబద్ధం చెప్పను. కానీ తూము దాటి నీళ్లు నిలిచాయి. బతుకమ్మను మన చెరువులోనే సాగనంపినం.

ఇప్పుడు అసలు సంగతి. ఒకసారి తవ్వితే సరిపోదు. వెనకట నీరటి ఉండేవాడు, రోజూ కాలువ వెంట తిరిగేవాడు. ఎక్కడ తెగినా, ఎక్కడ పూడినా ఊరికి చెప్పేవాడు. ఆ మనిషి లేకుండా పోయిన తర్వాతే కాలువ పోయింది. ఆ పని మనం పంచుకోవచ్చు.

సభ ముందు మూడు మాటలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి గ్రామ సంఘం మృగశిర కార్తెకు ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి తమ కాలువ వెంబడి నడిచి, చూసింది మినిట్స్ పుస్తకంలో రాయాలి. రెండు, పెద్ద పనులను గ్రామసభలో ఉపాధి హామీ కింద అడగాలి. 2005 చట్టం రాసిన నాడే చెరువు పూడిక, సాగు కాలువల పనులను ఆ జాబితాలో పెట్టారు. కూలి వచ్చే పనిని ఎప్పటికీ ఉచితంగా చేయాల్సిన అవసరం మనకు లేదు. మూడు, పై ఊరు, కింది ఊరు సంఘాలు కలిసి కూర్చోవాలి. పై చెరువు బాగుంటేనే మన చెరువుకు నీళ్లు.

ఈ మూడింటి మీద చర్చించి తీర్మానం చేయాలని సభను కోరుతున్నాను.