క్యాన్వాస్ మీద బొమ్మ గీసే యంత్రం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక వెనక కట్టిన మన బడి బొమ్మ ఫ్లెక్సీ కాదని దగ్గరికి వచ్చి తడిమి చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది. అది క్యాన్వాస్. గీతలు యంత్రం గీసింది, రంగులు మనిషి వేశాడు. ఆ యంత్రం సంగతి చెప్పమని కమిటీ వాళ్లు నాకు పది నిమిషాలు ఇచ్చారు.

దాన్ని ప్లాటర్ అంటారు. ప్రింటర్ చుక్కలు పెడుతుంది, ప్లాటర్ పెన్ను పట్టుకొని గీత గీస్తుంది. ఇది కొత్తదేమీ కాదు. 1959లోనే అమెరికాలో కాల్‌కాంప్ వాళ్లు డ్రమ్ము మీద కాగితం చుట్టి గీసే ప్లాటర్ తెచ్చారు. పెద్ద బట్ట మీద గీసేది కొనడం మన తాహతుకు మించిన పని. 2002లో యూర్గ్ లేనీ, ఉలీ ఫ్రాంకె అనే ఇద్దరు స్విట్జర్లాండ్‌లో 'హెక్టర్' అనే యంత్రం చేశారు. గోడకు రెండు మోటార్లు, వాటి నుంచి వేలాడే రెండు పళ్ల బెల్టులు, కింద స్ప్రే డబ్బా. అంతే. నేను పట్టుకున్నది ఆ దారే. డబ్బా బదులు పెన్ను పెట్టాను.

లెక్క మన తొమ్మిది, పది తరగతులదే. రెండు మోటార్ల మధ్య దూరం 320 సెంటీమీటర్లు. పెన్ను సరిగ్గా నడుమ, మోటార్ల కంటే 120 కిందికి ఉండాలనుకోండి. 160 వర్గం, 120 వర్గం కూడితే 40,000. వర్గమూలం 200. అంటే రెండు బెల్టులూ 200 సెంటీమీటర్లు వదలాలి. లెక్కల సారు బెత్తం పట్టుకొని చెప్పిన పైథాగరస్ ఇక్కడ మోటారు తిప్పుతున్నాడు. అడ్డంగా ఒక తిన్నని గీత గీయాలంటే రెండు బెల్టులూ ఒకే తీరుగా కదలవు. అందుకే గీతను మిల్లీమీటరు ముక్కలుగా తెంపి, ప్రతి ముక్కకూ ఈ లెక్క మళ్లీ చేయాలి. ఆ పని ఆర్డునో బోర్డు చేస్తుంది. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది, 20 పళ్ల చక్రం మీద బెల్టు చుట్టుకు 40 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే అడుగుకు 0.2 మిల్లీమీటరు. డ్రైవరు ఆ అడుగును ఇంకో 16 ముక్కలు చేస్తుంది.

గోడంతా గీయలేం. పైకి పోయినకొద్దీ బెల్టులు అడ్డంగా పడుకొని మోటారు మీద లాగుడు పెరుగుతుంది. పక్కకు పోతే ఒక బెల్టే బరువంతా మోసి రెండోది వదులవుతుంది. అందుకే ఇంత వెడల్పున్నా క్యాన్వాస్ ఆరడుగులే.

కాగితం మీద రెండు రోజుల్లో గీసింది. క్యాన్వాస్ మాత్రం నెలలు తినేసింది. నేత పోగులకు నిబ్బు తట్టుకుంటుంది, మార్కరు మొన చీపురులా విచ్చుకుంటుంది, చెక్క ఫ్రేముకు బిగించిన బట్ట డప్పులా లోపలికి పోయి గీత మధ్యలో మాయమవుతుంది. వెనక ప్లైవుడ్ పెట్టాం. సుద్దపొడి, ఫెవికాల్ కలిపి రెండు పూతలు పూసి గరుకు కాగితంతో రుద్దాం. పూత లేని బట్టకు ఇంకో ఉపాయం ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు బట్టను కరక్కాయ, గేదె పాలల్లో నానబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. ఇంజనీరింగ్ పుస్తకంలో ఇది నాకు దొరకలేదు.

కరెంటు పోతే ఈ మోటార్లకు తామెక్కడున్నాయో గుర్తుండదు. దానికి మందు ఇన్వర్టరు ఒక్కటే.

అసలు చిక్కు అక్షరాల దగ్గర వచ్చింది. కంప్యూటర్ ఫాంటులో అక్షరానికి అంచులే ఉంటాయి. ప్లాటర్‌కు ఇస్తే 'క' చుట్టూ గీసి లోపల బోలుగా వదిలేస్తుంది. చెయ్యి రాసే ఒంటి గీత కావాలి. అప్పుడు మన ఊళ్లో షాపుల బోర్డులు రాసిన పెయింటర్ అన్న దగ్గరికి పోయాను. మీలో చాలామంది ఇళ్ల పేర్లు, బండ్ల నంబర్లు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చినప్పటి నుంచి పని లేదు. ఆయన అ నుంచి ఱ దాకా, గుణింతాలు, ఒత్తులు కాగితం మీద రాసిచ్చాడు. ఏది ముందు గీయాలో, తలకట్టు ఎప్పుడు పెట్టాలో చెప్పాడు. వాటి నడిగీతలు కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

యంత్రం మొదటిసారి 'బెల్లంపల్లి' అని రాసినప్పుడు ఆయన చాలాసేపు చూశాడు. "నా చెయ్యి నీ డబ్బల వెట్టుకున్నవ్. రేపటి సంది నన్నెవరు పిలుస్తరు తమ్మీ?" అన్నాడు.

ఆలేరు మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం చేసింది తల్లి భుజాల నొప్పి చూడలేక. ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించే బాధను ఆ యంత్రం తీసేసింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. నా యంత్రం నొప్పి తీస్తుందా, కూడు తీస్తుందా అన్నది నేను గీసే బొమ్మ మీద కాదు, మేం చేసుకున్న మాట మీద ఉంది. అన్న అక్షరాల ఫైలు అన్న దగ్గరే ఉంటుంది. ఆయన ఒప్పుకున్న పనికే యంత్రం ఆడుతుంది. నిచ్చెన మీద నిలబడి పెన్సిలు గుర్తులు పెట్టే పని యంత్రానిది, ఎందుకంటే ఆయన మోకాళ్లు ఇప్పుడు నిచ్చెన ఎక్కనీయవు. రంగు ఆయనది, డబ్బులు ఆయనవి. ఫ్లెక్సీ కంటే మా బొమ్మకు ఖర్చు ఎక్కువే, రోజులూ ఎక్కువే. అది దాచను.

కమిటీకి నాదొక్కటే మనవి. తరగతి గదులకు కొత్త బోర్డులు పెడతామన్నారు కదా, ఫ్లెక్సీకి ఆర్డరు ఇచ్చే ముందు అన్నను ధర అడగండి. యంత్రం పక్క గదిలో ఉంది. ఆయనా అక్కడే ఉన్నాడు, సాయంత్రం 4 గంటల దాకా ఉంటాడు. పిల్లల పేర్లు రాయించుకునేవాళ్లు పోండి, కానీ ముట్టుకోకండి, రంగు ఇంకా పచ్చిగా ఉంది.