సీలింగు ఫ్యానూ, విమానం ఇంజనూ అక్కచెల్లెళ్ళే



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఫ్యాను కింద చాప వేసుకుని కాస్త నడుం వాల్చే వేళ యిది. ఆ తిరిగే ఫ్యాను వంక ఒక్కసారి చూడండి. ఆకాశంలో విమానం పోతున్నప్పుడు మీ అబ్బాయో, అమ్మాయో "అమ్మా, అంత బరువుది ఎలా ఎగురుతుందే?" అని అడిగే వుంటారు. "మీ నాన్నగారు వచ్చాక అడుగు" అని మనలో చాలామంది తప్పించుకుంటాం. నిజానికి ఆ జవాబు మన తలమీదే గిరగిరా తిరుగుతోంది. ఆ సంగతి యివాళ చెప్పుకుందాం. చెప్పుకుంటే పిల్లల ప్రశ్నకు జవాబు దొరకడమే కాదు, మన యింట్లో ఎండాకాలం, వంటింట్లో పొగ కూడా కాస్త దారికి వస్తాయి.

ముందు గాలి సంగతి. గాలి అంటే ఏమీ లేనట్టే అని మన లెక్క. "ఖాళీ గిన్నె" అంటాం గాని అందులో గాలి నిండుగా వుంది. ఆ గాలికి బరువూ వుంది. ఒక ఘనపు మీటరు గాలి సుమారు కిలో రెండు వందల గ్రాములు తూగుతుంది. పన్నెండు అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు వున్న గదిలోని గాలిని తూచగలిగితే దాదాపు 40 కిలోలు వుంటుంది. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర! అంత బరువును మన ఫ్యాను కదిలిస్తోందన్నమాట.

బరువున్న వస్తువును మనం నెడితే అది మనల్ని ఎదురు నెడుతుంది. ఇది చూడాలంటే మా కడియం రండి. కడియం, కడియపులంక అనగానే మీకు నర్సరీలు గుర్తుకొస్తాయి గదా. అక్కడ మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టాన్ని నేలమీద వదిలేసి మోటారు వేస్తే, అది పాములా మెలికలు తిరిగి వెనక్కి ఎగిరి పడుతుంది. చేత్తో పట్టుకున్న మనిషికి ఆ తోపు అరచేతిలో తెలుస్తుంది. నీళ్ళు ముందుకు పోతున్నాయి, గొట్టం వెనక్కి వస్తోంది. వీపున తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయరుతోనూ అంతే. గాలి ముందుకు దూసుకుపోతుంటే మనిషిని కాస్త వెనక్కి తోసినట్టుంటుంది. ప్రతి తోపుకూ దానికి సమానమైన ఎదురుతోపు వుంటుందని న్యూటన్ మహాశయుడు 1687లో గ్రంథంలో రాసి పెట్టాడు. మన గోదావరి పడవవాళ్ళు ఆ గ్రంథం చదవకుండానే ఆ పని చేస్తున్నారు. తెడ్డుతో నీటిని వెనక్కి నెడితే పడవ ముందుకు పోతుంది. లాంచీకయితే తెడ్డు బదులు నీళ్ళలో తిరిగే పంకా వుంటుంది, అంతే తేడా.

ఇక ఫ్యాను రెక్కలు చూడండి. అవి బల్లపరుపుగా వుండవు, కాస్త వాల్చి బిగిస్తారు. ఎందుకంటారా? విసనకర్రను అంచు వైపు నుంచి కత్తిలా ఆడించి చూడండి, గాలి రాదు. పూర్తిగా అడ్డంగా ఆడిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది. కొంచెం వాల్చి ఆడిస్తే తక్కువ శ్రమతో గాలి ఒక దిక్కుకు పోతుంది. సీలింగు ఫ్యాను రెక్క చేసేది అదే. గాలిని కోసుకుంటూ పోతూ కిందికి నెడుతుంది. కిందికి నెట్టినందుకు ఫ్యాను తాను కొంచెం పైకి తోయబడుతుంది. అందుకే తిరుగుతున్న ఫ్యాను ఆ కొక్కెం మీద వేసే భారం, ఆగివున్న ఫ్యానుకన్నా కాస్త తక్కువ. విచిత్రంగా లేదూ? ఒక్కోసారి రిపేరు చేయించి తెచ్చాక ఫ్యాను తిరుగుతూనే వుంటుంది గాని గాలి రాదు. వైర్లు తారుమారయి అది ఎదురు దిక్కుకు తిరుగుతోందేమో చూడండి. అప్పుడు గాలి పైకప్పు వైపు పోతుంది.

ఫ్యాను గాలిని చల్లబరచదు, కదుపుతుంది అంతే. ఆ కదిలే గాలి మన ఒంటిమీది చెమటను ఆరబెడుతుంది, చెమట ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. కనుక ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే గది చల్లబడదు సరిగదా, మోటారు వేడి కూడా అందులో కలుస్తుంది. గది చల్లబడుతుందని ఫ్యాను వేసి బయటికి వెళ్ళడం వట్టి కరెంటు ఖర్చు. మరొక ముఖ్యమైన మాట. రోహిణి కార్తెలో గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఒక్కదాన్నే నమ్ముకోకండి. అంత వేడి గాలి ఒంటికి కొడితే వేడి ఇంకా ఎక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 40 డిగ్రీలకు లోపే ఫ్యాను వాడమంటోంది. ఆ వేళ ఇంట్లో వున్న ముసలివాళ్ళకు, పసిపిల్లలకు తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ వుండాలి, అడక్కపోయినా మంచినీళ్ళు ఇస్తూ వుండాలి.

వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను సంగతి కూడా ఇందులోనే వుంది. అది గాలిని బయటికి నెట్టాలంటే లోపలికి మరో దారిన గాలి రావాలి గదా! తలుపులన్నీ బిగించి ఫ్యాను వేస్తే అది వూరికే రొద పెడుతుంది. పోనీ కిటికీ తెరిచారనుకోండి, ఆ కిటికీ ఫ్యాను పక్కనే వుంటే, గాలి అందులోంచి వచ్చి ఇందులోంచి పోతుంది. పొయ్యి మీద పొగ పొయ్యి మీదే వుంటుంది. పొయ్యికి దగ్గరగా, ఎత్తుగా ఫ్యాను. దానికి ఎదురుదిక్కున తలుపో కిటికీయో తెరిచి వుంచడం. ఇదే పద్ధతి. పోపు ఘాటు, నూనె పొగ రోజూ పీల్చేది మనమే. మన ఊపిరితిత్తులకు మనమే దారి చూపాలి.

సరే, ఇక ఆకాశంలోకి వెళదాం. సీలింగు ఫ్యానును పక్కకు తిప్పి, ఒక బండికి కట్టి, గాలిని వెనక్కి నెట్టమనండి. బండి ముందుకు పోతుంది. అమెరికాలో రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న ఎగిరిన విమానంలో వున్నవి అలాంటి రెండు పంకాలే. మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు! పంకా ముందుకు లాగుతుంటే రెక్కల మీదుగా గాలి పారుతుంది, ఆ రెక్కలు గాలిని కిందికి వంచి పంపుతాయి, దానికి ఎదురుతోపుగా విమానం పైకి లేస్తుంది. అంటే ముందుకు పోవడానికీ, పైకి లేవడానికీ సూత్రం ఒక్కటే.

మన రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయంలో ఏళ్ళ తరబడి దిగిన ఏటీఆర్ విమానాలు ఈ పంకాల జాతివే. ఒక్కో పంకాకు ఆరు రెక్కలు, ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు నాలుగు మీటర్లు. తరవాత రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించారు. 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా పోయే పెద్ద ఎయిర్‌బస్ విమానాలు మొదలయ్యాయి. వాటి రెక్కల కింద పంకాలు కనబడవు, రెండు పెద్ద పీపాల్లాంటివి వేలాడుతుంటాయి. అవే జెట్ ఇంజన్లు. ఆ పీపా ముందు నిలబడి చూస్తే లోపల ఏముందనుకున్నారు? మళ్ళీ ఫ్యానే!

జెట్ ఇంజను పని మన వంటింటి భాషలో చెబుతాను. ముందున్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. దాని వెనక చిన్న చిన్న ఫ్యాన్లు వరుసలు వరుసలుగా వుండి ఆ గాలిని కుక్కి కుక్కి అణుస్తాయి. అణిగిన గాలిలో ఇంధనం చల్లి మండిస్తారు. ఆ ఇంధనం మరేమీ కాదు, బాగా శుద్ధి చేసిన కిరసనాయిలు. మండిన గాలి ఉబ్బి, వెనక వైపు ఒక్కటే దారి కనుక బుస్సున అటు దూసుకుపోతుంది. పోతూ పోతూ తన దారిలో వున్న చక్రాన్ని తిప్పుతుంది. తీర్థంలో పిల్లలకు కొనిపెట్టే కాగితపు పంకా వుంటుందే, గాలి తగిలితే గిర్రున తిరిగేది, అలాగ. ఆ చక్రమూ, ముందున్న ఫ్యాన్లూ ఇరుసులతో కలిపి వుంటాయి. కనుక వెనక చక్రం తిరిగితే ముందు ఫ్యాన్లు తిరుగుతాయి. అవి మళ్ళీ గాలిని లాగుతాయి. ఒకసారి అంటించాక, చమురు అందుతున్నంత కాలం దాని పని అదే చేసుకుంటుంది.

వెనక వచ్చే వేడి గాలి బయటి గాలిని తన్నడం వల్ల విమానం కదులుతుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. గాలిని వెనక్కి విసిరేటప్పుడే ఇంజనుకు ముందుకు తోపు వస్తుంది. నీటిగొట్టం గోడను కొట్టనక్కరలేకుండానే వెనక్కి వచ్చింది గదా! గాలే లేని చోట రాకెట్టు పోతున్నదీ అందుకే.

ఇప్పుడొక ఇల్లాలి లెక్క. పది కిలోల గాలిని సెకనుకు ఒక మీటరు వేగంతో విసిరినా, ఒక కిలో గాలిని సెకనుకు పది మీటర్ల వేగంతో విసిరినా వచ్చే తోపు ఒక్కటే. కాని ఖర్చు ఒక్కటి కాదు. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు కావాలి. అందుకని రెండో పద్ధతికి పది రెట్లు ఖర్చు! ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడమే పొదుపు. తొలినాటి జెట్లలో గాలి అంతా మంటలోంచే పోయేది. చమురు విపరీతంగా తాగేవి, చెవులు పగిలేట్టు అరిచేవి. ఇప్పటి ఎయిర్‌బస్‌లకు అమర్చే లీప్ అనే ఇంజనులో ముందు ఫ్యాను దాదాపు రెండు మీటర్లు, దానికి 18 రెక్కలు. ఒక వంతు గాలి మంటలోకి పోతే, సుమారు 11 వంతులు మంట పక్కనుంచే చల్లగా వెనక్కి పోతుంది. తోపులో ఎక్కువ భాగం ఆ చల్లగాలిదే. ఆ ఫ్యాను రెక్కలేమో కార్బను పోగులను మగ్గం మీద బట్టలా నేసి గట్టిపరచినవి. అటువంటప్పుడు ఏటీఆర్‌లా పెద్ద పంకా పెట్టుకోవచ్చు గదా అంటారేమో. విప్పారిన పంకా చాలా వేగంగా పోయే విమానానికి పనికిరాదు. దాని రెక్కల చివరలు ధ్వని వేగాన్ని అందుకుంటాయి, అక్కడ రొద పెరిగి తోపు తగ్గుతుంది. అందుకని ఫ్యానును పీపాలో పెట్టారు.

ఈ జెట్ ఆలోచనకు ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ అనే యువకుడు 1930లో పేటెంటు కోరాడు. 1935లో దాన్ని పొడిగించుకోవడానికి అయిదు పౌండ్లు కావలసివచ్చింది. ప్రభుత్వం ఇవ్వనంది, తన దగ్గర లేవు, పేటెంటు చెల్లిపోయింది. అయినా పట్టువదలక 1937 ఏప్రిల్ 12న ఇంజను తిప్పి చూపాడు. ఈలోగా జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ తయారుచేసిన ఇంజనుతో 1939 ఆగస్టు 27న మొదటి జెట్ విమానం ఎగిరింది. విటిల్ ఇంజను 1941 మే 15న ఆకాశం చూసింది. అయిదు పౌండ్ల దగ్గర ఎంత పని ఆగబోయిందో చూశారా!

ఈ ఇంజన్లు మనకు దూరపు వస్తువులూ కావు. లీప్ ఇంజన్లను విప్పి బాగుచేసే పెద్ద కేంద్రం ఒకటి హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయం దగ్గరే 2025 నవంబరు 26న ప్రారంభమయింది. ఆ పనికి మన పిల్లలే కావాలి. ఆడపిల్లలు కూడానండోయ్. ఇంజనీరింగు మగపిల్లల చదువని ఎవరైనా అంటే అయ్యలసోమయాజుల లలితగారి పేరు చెప్పండి. తెలుగింటి ఆడపడుచు. 15వ ఏట పెళ్ళి, 18వ ఏట చేతిలో నాలుగు నెలల పసిబిడ్డతో వైధవ్యం. తండ్రి పప్పు సుబ్బారావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యులు. ఆయన అండతో అక్కడే చదివి, మన దేశంలో మొట్టమొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సభకు కూడా వెళ్ళివచ్చారు. ఆ తండ్రి "నీకెందుకమ్మా ఈ చదువు" అని వుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

చివరగా మన చేతిలో వున్న పని ఒకటి. ఇంజను గాలిని లాగేటప్పుడు ఎదురొచ్చిన పక్షిని కూడా లాగేస్తుంది. 2009 జనవరి 15న న్యూయార్కులో ఒక విమానం పైకి లేచిన కొద్ది నిమిషాల్లోనే బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ చతికిలబడ్డాయి. పైలట్ నేర్పుగా నదిమీద దించబట్టి 155 మందీ బతికారు. అన్నిసార్లూ నది దొరకదు. పక్షులు ఎక్కడికి వస్తాయి? తిండి వున్న చోటికి. విందులయ్యాక ఎంగిలి విస్తళ్ళు, కోడి వ్యర్థాలు ఆరుబయట పోస్తే గద్దలూ కాకులూ మూగుతాయి. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల ఇలా పారవేయకూడదని మన దేశపు విమాన నియమావళిలోనే వుంది. మధురపూడి, గన్నవరం, శంషాబాదు, రేణిగుంట చుట్టుపక్కల వున్న సోదరీమణులు ఈ మాట మీ వీధిలో నలుగురికీ చెప్పండి. చెత్తబండి వచ్చేదాకా బుట్ట మూతపెట్టి వుంచండి. ఆ విమానంలో వచ్చేది మీ అబ్బాయో, అల్లుడుగారో కావచ్చు.

ఈసారి పిల్లలు అడిగితే నాన్నగారి దాకా పోనక్కరలేదు. ఒక బుడగ ఊది మూతి కట్టకుండా వదలండి. గాలి వెనక్కి, బుడగ ముందుకు. "ఇదేరా విమానం" అని చెప్పండి. ఆ తరవాత వాళ్ళడిగే రెండో ప్రశ్న మీకు తెలియకపోతే, ఇద్దరూ కలిసి కూర్చుని వెతకండి.