ఇల్లా, బండా?

(స్త్రీల ఆస్తి హక్కులపై జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో స్త్రీలకు ఇంటి మీద హక్కు ఎలా ఉంటుందో చెప్పమని నన్ను పిలిచారు. నేను లాయర్ని కాను. ఇరవై ఏళ్లకు పైగా టెక్సస్ రాష్ట్రంలో ఉంటున్నాను. అక్కడ ఇబ్బందుల్లో ఉన్న స్త్రీలకు తోడుగా ఆఫీసులకూ కోర్టులకూ వెళ్లడం, వాళ్ల మాట వీళ్లకూ వీళ్ల మాట వాళ్లకూ తెలుగులో ఇంగ్లీషులో చెప్పడం, ఇదే నేను చేసే పని. కాబట్టి చట్టం పుస్తకంలో ఎలా ఉందన్నది కాక, చట్టం ఒక స్త్రీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఎలా ఉంటుందన్నదే నేను చెప్పగలను.

అమెరికా ఇల్లంటే మీ కళ్ల ముందు మన ఇంజనీర్ల రెండంతస్తుల ఇళ్లు మెదులుతాయి. నేను వాటి గురించి మాట్లాడబోవడం లేదు. ఫ్యాక్టరీలో తయారై, లారీ వెనక కట్టుకుని రోడ్డు మీద వచ్చే ఇల్లు ఒకటుంది. పొడుగాటి రైలు పెట్టెలా ఉంటుంది. కింద ఇనప చట్రం, దానికి చక్రాలు. జాగాలోకి తెచ్చాక చక్రాలు తీసేసి దిమ్మెల మీద నిలబెడతారు, కరెంటూ నీళ్లూ కలుపుతారు. చట్రం మాత్రం ఇంటి కిందనే ఉండిపోతుంది. జనం దీన్ని మొబైల్ హోమ్ అంటారు, చులకనగా ట్రైలర్ అంటారు. ఇలాంటివి వరసగా యాభై, వంద పెట్టుకునే జాగాను పార్కు అంటారు. పేరు చూసి తోట అనుకోకండి. ఇల్లు మనది, కింది నేల పార్కు యజమానిది. నెలనెలా నేలకు అద్దె కట్టాలి. పింఛను మీద బతికే ముసలివాళ్లూ, పిల్లలతో ఒంటరిగా ఉన్న తల్లులూ, గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్లూ ఇక్కడికి చేరుతారు.

మన దగ్గర ఇల్లు స్థిరాస్తి. అది ఎవరూ అడగని ప్రశ్న. అక్కడ ఈ ఇంటి విషయంలో మొదటి ప్రశ్నే అది: ఇది స్థిరాస్తా, చరాస్తా? ఇల్లా, బండా?

నిర్వచనం చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. 1974లో అమెరికా పార్లమెంటు ఈ ఇళ్ల నిర్మాణానికీ భద్రతకూ ఒక చట్టం చేసింది. దాని కింద ప్రమాణాలు 1976 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చాయి. రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఎనిమిది అడుగుల వెడల్పు గానీ నలభై అడుగుల పొడవు గానీ, నిలబెట్టాక 320 చదరపు అడుగులు గానీ ఉండి, విడదీయని చట్రం మీద కట్టిన నివాసం ఈ చట్టం కిందికి వస్తుంది. 1980లో చట్టంలో 'మొబైల్ హోమ్' అన్న మాట తీసేసి 'మాన్యుఫాక్చర్డ్ హోమ్' అన్న మాట పెట్టారు. టెక్సస్ చట్టం ఈ రెండు మాటలనూ విడగొట్టింది. ఆ జూన్ 15కు ముందు తయారైంది మొబైల్ హోమ్, ఆ రోజు గానీ తర్వాత గానీ తయారైంది కొత్త పేరు ఇల్లు. జూన్ 14న ఫ్యాక్టరీ దాటిన ఇంటిని ఊళ్లోకి రానివ్వకుండా అక్కడి మునిసిపాలిటీ నిషేధించవచ్చు. కేంద్ర ప్రభుత్వం హామీ ఉండే అప్పు దానికి రాదు. పాత ఇల్లు కొనే స్త్రీకి పుట్టినరోజు కంటే ఈ తేదీ ముఖ్యం.

తేదీ తర్వాతి ఇల్లయితే బయటి గోడకు ఎర్రటి రేకు ముక్క ఒకటి కొట్టి ఉంటుంది, అరచేయంత. దాని మీద నంబరు. ఇల్లు రెండు భాగాలుగా వచ్చిందైతే రెండు రేకులు. ఈ రేకు గురించి మళ్లీ చెప్తాను.

ఇప్పుడు ఒకామె సంగతి. పేరు చెప్పను. కరీంనగర్ వైపు అమ్మాయి. భర్త కొట్టేవాడు. కూతుర్ని తీసుకుని బయటికి వచ్చేసింది. పెట్రోలు బంకు దుకాణంలో రాత్రి డ్యూటీ. అపార్ట్‌మెంటు అద్దెకు జీతం చాలలేదు. పార్కులో ఒకాయన తన పాత ఇల్లు అమ్ముతానన్నాడు. పద్నాలుగు వేల డాలర్లు, నెలకు 500 చొప్పున 28 నెలలు. నేల అద్దె 420 వేరు. ఆమె ఒక్క నెల తప్పలేదు. ఆయన ప్రతి నెలా నోట్‌బుక్‌లో రసీదు రాసిచ్చాడు.

మధ్యలో ఒకసారి ఆమె నన్ను అడిగింది, 'అక్కా, ఈ రసీదులు చాలా?' అని. చాలు, జాగ్రత్తగా దాచుకో అన్నాను. అది నా తప్పు. ఇన్నేళ్లు ఈ పని చేస్తూ ఆ మాట ఎలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. రసీదు డబ్బు ఇచ్చినట్టు చెప్తుంది, ఇల్లు వచ్చినట్టు చెప్పదు.

చివరి 500 తీసుకున్న నెలలోనే ఆయన పార్కు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత తలుపుకు పన్ను నోటీసు అంటించి ఉంది. ఆమె పేరు మీద కాదు. ఆయన పేరూ, ఇంకో స్త్రీ పేరూ ఉన్నాయి.

'అక్కా, పైసలన్నీ కట్టిన. ఇల్లు నాది గాదా?' అంది.

టెక్సస్‌లో ఇలాంటి ఇంటికి యజమాని ఎవరో చెప్పేది రాష్ట్ర గృహ శాఖ ఇచ్చే 'స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్' అనే కాగితం. వెనక దాన్ని కారుకున్నట్టే టైటిల్ అనేవారు. చేతులు మారిన అరవై రోజుల్లో కొన్నవాళ్లు కొత్త కాగితానికి దరఖాస్తు పెట్టాలి. ఇలా నెలనెలా అద్దె కట్టే నేల మీద ఉన్నంతకాలం ఈ ఇల్లు చరాస్తే. సొంత నేల మీద పెట్టుకున్నవాళ్లు దాన్ని స్థిరాస్తిగా ఎంచుకోవచ్చు, ఆ ఎంపికను కౌంటీ రికార్డుల్లో నమోదు చేయించాలి.

ఇదంతా మొదటే చూసి ఉంటే పది నిమిషాల పని. ఇంటి వెనక్కి వెళ్లి టార్చిలైటు వేసి రేకు మీద నంబరు రాసుకుని, గృహ శాఖ రికార్డుల్లో వెతికాం. ఎవరైనా వెతకవచ్చు, రుసుము లేదు. మూడు సంగతులు బయటపడ్డాయి. యజమానులు ఇద్దరు, ఆయనా ఆయన భార్యా. ఇల్లు ఒక ఫైనాన్సు కంపెనీ తాకట్టులో ఉన్నట్టు ఇంకా నమోదై ఉంది. రెండేళ్ల పన్ను బకాయి.

పన్ను సంగతి ముందు చెప్తాను. కొత్త ఇల్లు మొదటిసారి అమ్మినప్పుడు టెక్సస్‌లో అమ్మకం పన్ను ఉంది, ధరలో 65 శాతం మీద 5 శాతం. అదే ఇల్లు మళ్లీ అమ్మితే ఆ పన్ను లేదు. పాత ఇల్లు కొనేవాళ్లకు ఇది మేలే. కానీ ఏటా ఆస్తిపన్ను ఉంటుంది, జనవరి 1న ఆ బకాయి ఇంటికి అంటుకుంటుంది. యాజమాన్యం మారాలంటే, అమ్మకానికి ముందు పద్దెనిమిది నెలల్లో వచ్చిన ప్రతి జనవరి 1 పన్నూ కట్టినట్టు కౌంటీ పన్ను అధికారి కాగితం ఇవ్వాలి. ఫ్లోరిడాలో పద్ధతే వేరు. అద్దె నేల మీది ఇంటికి అక్కడ ఏటా స్టిక్కరు కొనాలి, కారు నంబరు ప్లేటు మీద అంటించేలాంటిదే. రెండు భాగాల ఇంటికి రెండు టైటిళ్లు ఉంటాయి. ఒకటే చేతికిచ్చి సగం ఇల్లు అమ్మిన మనుషులూ ఉన్నారు. కాలిఫోర్నియాలో 1980 జూలై 1కి ముందు కొత్తగా అమ్మిన ఇళ్లకు బండి ఫీజు, తర్వాతి వాటికి ఇంటి పన్ను. ఇక కేంద్ర ఆదాయపు పన్ను శాఖ మాత్రం పడుకునే చోటూ, వంట చేసుకునే చోటూ, మరుగుదొడ్డీ ఉంటే చాలు, అది ఇల్లేనంటుంది. ఆ లెక్కలో పడవ కూడా ఇల్లే. ఇంత పెద్ద ప్రభుత్వాల్లో ఈ ఒక్క శాఖకే ఇల్లంటే ఏమిటో తెలిసినట్టుంది!

ఆమెకు ఇంకో నష్టం జరిగింది. సొంత ఇంట్లో ఉండేవాళ్లకు టెక్సస్‌లో బడి పన్ను మినహాయింపు ఉంది. నేల అద్దెదైనా ఇల్లు సొంతమైతే చాలు. 2023లో ఆ మినహాయింపును లక్ష డాలర్ల విలువ దాకా పెంచారు, 2025లో 1,40,000కు పెంచారు. అంటే ఈమె ఇంటికి బడి పన్ను సున్నా. కానీ ఆ మినహాయింపు అడగడానికి కాగితం ఆమె పేరున ఉండాలి.

ఇలాంటి బేరంలోకి ఎందుకు వెళ్లిందని మీరడగవచ్చు. మా సంఘంలోనూ అడిగారు. బ్యాంకుకు వెళ్లకపోలేదు. చరాస్తికి మామూలు గృహరుణం రాదు, చరాస్తి అప్పే వస్తుంది. దానికి వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. స్థిరాస్తి తాకట్టులో రుణగ్రస్తుడికి ఉండే నోటీసులూ వ్యవధులూ అందులో అంతగా ఉండవు. కిస్తీ తప్పితే కారును లాక్కెళ్లినట్టే. 2012లో ఈ ఇళ్ల కొనుగోలు అప్పుల్లో 68 శాతం అధిక వడ్డీ తరగతిలో ఉంటే, మామూలు ఇళ్ల అప్పుల్లో అలాంటివి 3 శాతమేనని కేంద్ర వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014లో తేల్చింది. కేంద్రం హామీ ఇచ్చే పథకం ఒకటుంది. కానీ ఇంటికి మాత్రమే ఇచ్చే అప్పుకు 2008 చట్టంలో పెట్టిన 69,678 డాలర్ల పరిమితిని 2024 దాకా పెంచకపోతే, దాన్ని అందించే కంపెనీలు ఎన్ని మిగులుతాయి? పైగా ఈమె కాపురంలో ఉన్నన్నాళ్లూ కారూ, కార్డూ, కరెంటు బిల్లూ అన్నీ భర్త పేరు మీదే. అప్పు చరిత్ర లేని మనిషికి అప్పు లేదన్నారు. ఎక్కడా కొట్టివేత లేకుండా 28 నెలలు కట్టిన ఆ నోట్‌బుక్‌ను ఏ బ్యాంకూ చరిత్రగా లెక్కపెట్టదు.

ఫైనాన్సు కంపెనీ సంగతి తేలికగానే తేలింది. అప్పు ఎప్పుడో తీరిపోయింది, తీరినట్టు కాగితం పంపలేదు, అంతే. రెండు ఉత్తరాలు రాస్తే పంపారు.

కష్టమైంది రెండో పేరు. ఆ భార్య వేరే ఊళ్లో వృద్ధాశ్రమంలో పని చేస్తోంది. ఆరేళ్ల కింద అతన్ని వదిలి వచ్చేసింది. కారణం నేను చెప్పక్కర్లేదు. ఇల్లు అమ్మినట్టే ఆమెకు తెలియదు. ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, ఆ ఇంటి అప్పు నా జీతంలోంచే కట్టాను, ఎప్పటికైనా నా కొడుక్కి ఉంటుందనుకున్నాను అని.

ఇప్పుడు చెప్పండి, ఎవరి పక్షాన నిలబడాలి? ఇల్లు కొన్నది ఒక బాధితురాలు. సంతకం పెట్టాల్సింది ఇంకో బాధితురాలు. మధ్యలో పద్నాలుగు వేలు జేబులో వేసుకున్నవాడు కనిపించడు. మా సంఘంలో ఆ రాత్రి పెద్ద గొడవే జరిగింది. కోర్టుకు వెళ్లి ఆమె వాటా లేదనిపిద్దామని ఒకరు. తోటి స్త్రీ మీద కేసు వేయడానికా మనం ఉన్నది అని ఇంకొకరు. ఉచితంగా సలహా ఇచ్చే లాయరు మాత్రం, కేసు ఖర్చు ఇంటి ధర దాటుతుందని తేల్చి చెప్పింది.

చివరికి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాం. ఈమె తన నోట్‌బుక్ ఆమె ముందు పెట్టింది. ఆమె భాష ఈమెకు రాదు, ఈమె భాష ఆమెకు రాదు. ఆమె ఒక్కో పేజీ తిప్పి భర్త సంతకాలు చూసింది. పదిహేను వందలు అడిగింది. మూడు విడతల్లో ఇస్తామన్నాం. సంతకం పెట్టింది. ఆయన సంతకం ఆ నోట్‌బుక్‌తో పాటు ఆయన రాసిచ్చిన అమ్మకం చీటీ మీద కూడా ఉంది కాబట్టి, లాయరు ఆ తంటాలు పడింది. ఇది న్యాయమేనా అని నన్నడిగితే, కాదు. ఒకే ఇంటికి ఈమె రెండుసార్లు డబ్బిచ్చింది, ఆమెకు తన కష్టంలో పదో వంతు కూడా రాలేదు. కానీ రెండో పేరు అక్కడ లేకపోతే ఆ మొదటి భార్యకు ఆ పదిహేను వందలు కూడా దక్కేవి కావు. కొన్ని రాష్ట్రాల్లో పేర్ల మధ్య ఉన్న మాట కూడా చూడాలి. 'మరియు' అని ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, 'లేదా' అని ఉంటే ఒక్కరే అమ్మేయవచ్చు. మన స్త్రీలకు ఆ మాట చదివి చెప్పేవాళ్లు ఎవరు?

మీకు ఇదంతా దూరపు సంగతిలా అనిపిస్తోందా? మన బస్తీల్లో నోటరీ కాగితం మీద కొన్న ఇళ్లెన్ని! 1977 చట్టం ప్రకారం అమ్మకూడని అసైన్డ్ స్థలంలో ఇల్లు కొని, పన్ను రసీదు చూపించి ఇది నాదేనని నమ్ముతున్న అక్కచెల్లెళ్లు మీ దగ్గరికి రావడం లేదా? వాళ్లకు మీరేం చెప్తున్నారు? నేను చెప్పినట్టు, రసీదులు దాచుకో అనేనా?

కాగితం ఈమె పేరున వచ్చింది. బకాయి పన్ను కట్టింది, బడి పన్ను మినహాయింపుకు దరఖాస్తు పెట్టింది. ఆ ఏడాదే పార్కు చేతులు మారింది. నేల అద్దె 420 నుంచి 610 అయింది. మొబైల్ అన్నది పేరుకే. ఆ ఇంటిని ఇంకో చోటికి తరలించాలంటే వేల డాలర్లు, పాతది కాబట్టి దారిలో విరగనూ వచ్చు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మెరెడిత్‌లో 1984లో అద్దెదార్లే సహకార సంఘం పెట్టుకుని పార్కును కొనేశారు. తర్వాత ఆ పద్ధతి చాలా రాష్ట్రాలకు పాకింది. ఈ పార్కులో ఇప్పుడు ఆదివారాలు పదిహేను మంది స్త్రీలు కూర్చుంటున్నారు. పార్కు కొనే స్తోమత లేదు, ముందు అద్దె ఒప్పందాలన్నీ ఒకచోట పెట్టి చదువుతున్నారు. మొదటి వారం టార్చిలైటు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి రేకుల నంబర్లు రాసింది మా కరీంనగర్ అమ్మాయే. అందులో నాలుగిళ్లకు కాగితం వేరేవాళ్ల పేరున ఉందని తేలింది.

ఆ దరఖాస్తు ఫారం నకళ్లు తెచ్చాను. భోజనాల తర్వాత, మీ దగ్గరి పట్టా కాగితాలతో పక్కపక్కన పెట్టి చూద్దాం.