ఈస్టర్ తిరుగుబాటు - తెలుగునేల
(స్మారకోపన్యాస పాఠం)



హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోని ఈ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో ఊపిరి పోసుకుంది. అప్పట్లో ఈ పేట బ్రిటిష్ రెసిడెన్సీ బజార్లలో భాగం. లోకం సంగతులు తెలుగువాడికి తెలుగులోనే అందాలని కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటి వారు తపించారు. ఆ తపనకు తగినదని ఈ అంశాన్ని ఎంచుకున్నాను. ఐర్లండు చరిత్రలో కొన్ని పుటలు తెలుగువారితో ముడిపడి ఉన్నాయి. వాటిని మనం కలిపి చదవలేదు.

1913లో బరంపురం తెలుగు కుటుంబానికి చెందిన ఒక పంతొమ్మిదేళ్ల కుర్రాడు న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. ఆయనే వరాహగిరి వెంకటగిరి. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. గిరి వెళ్లిన ఏడాదే డబ్లిన్ యజమానులు యూనియన్‌లో చేరిన వేలాది మంది కార్మికులకు పని నిరాకరించి గేట్లు మూసేశారు. నెలల తరబడి పస్తులున్న ఆ కార్మికుల వెంట నిలిచిన నాయకుల్లో జేమ్స్ కానలీ ఒకరు. గిరికి యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది కవి థామస్ మెక్‌డొనా.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. కానలీ, మెక్‌డొనా, పాట్రిక్ పియర్స్ తదితరులు ఐర్లండును స్వతంత్ర గణతంత్రంగా ప్రకటిస్తూ ఆయుధాలు పట్టారు. వారం తిరక్కుండానే తిరుగుబాటు అణిగిపోయింది. మే 3న కిల్మైన్‌హామ్ జైల్లో పియర్స్‌నూ మెక్‌డొనానూ కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని కానలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. పాఠం చెప్పిన గురువును ప్రభుత్వం చంపితే శిష్యుడి మనసు ఎలా ఉంటుందో ఊహించుకోండి. పోలీసుల కన్ను భారతీయ విద్యార్థుల మీదా పడింది. జులై 1 లోపు దేశం విడిచి వెళ్లాలని గిరికి ఉత్తర్వు అందింది. బారిస్టరై ఇంటికొచ్చిన ఆ యువకుడు రైల్వే కార్మికుల మధ్యకు వెళ్లాడు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెను శాంతియుతంగా నడిపించాడు. 1969లో రాష్ట్రపతి అయ్యాడు. తాను కార్మికోద్యమంలోకి రావడానికి డబ్లిన్ అనుభవమే కారణమని ఆయన చెప్పుకున్నారు.

అదే తిరుగుబాటు మద్రాసులో మరొకరి బతుకును మలుపు తిప్పింది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ 1915లో అనీబిసెంట్ పిలుపుతో మన దేశానికొచ్చారు. జేమ్స్ బిసెంట్ పత్రిక 'న్యూ ఇండియా'లో పనిచేసేవారు. ఈస్టర్ వీరులను మెచ్చుకుంటూ అందులో వ్యాసం రాశారు. దాంతో పత్రికలో ఉద్యోగం పోయింది. బిసెంట్ ఆయన్ను అప్పుడప్పుడే మొదలైన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపారు.

ఆ శిక్ష లాంటి బదిలీ మనకు వరమైంది. 1919 ఫిబ్రవరిలో విశ్రాంతి కోసం రవీంద్రులు ఆ కళాశాలకు వచ్చారు. కజిన్స్ దంపతుల ఆతిథ్యంలో ఉండగా 'జనగణమన' పాడి వినిపించారు. సంగీతంలో పట్టా ఉన్న మార్గరెట్ ఆ వరసను పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టారు. రవీంద్రులు గీతాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, తన చేత్తోనే రాసి, సంతకం చేసి, కింద మదనపల్లె పేరు, ఫిబ్రవరి 28 తేదీ వేశారు. డబ్లిన్‌లో తుపాకులు పేలకపోతే, ఆ వ్యాసం రాకపోతే, జేమ్స్ మద్రాసులోనే ఉండిపోతే ఆ కాగితం మీద మదనపల్లె పేరు ఉండేదా?

మార్గరెట్‌ను స్వరలిపికే పరిమితం చేస్తే అన్యాయం చేసినట్టే. స్త్రీల ఓటుహక్కు కోసం 1910లో లండన్‌లో, 1913లో ఐర్లండులోని టలమోర్‌లో జైలుకెళ్లిన మనిషి ఆమె. మన దేశానికొచ్చినా ఆ పని వదల్లేదు. 1917 డిసెంబరులో భారత స్త్రీలకు ఓటు కావాలని మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు దగ్గరికి వెళ్లిన బృందం వెనుక ఆమె కృషి ఉంది. ఆ బృందానికి నాయకురాలు సరోజినీ నాయుడు. ఆమె పుట్టింటివారి ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్' ఇక్కడి నుంచి ఆబిడ్స్ దాటితే నాంపల్లి స్టేషన్ రోడ్డులోనే ఉంది. 1932లో ఆర్డినెన్సులను ధిక్కరించి మార్గరెట్ వేలూరు జైలుకు వెళ్లారు. తన దేశంలో ఏ హక్కు కోసం జైలుకెళ్లారో, మన ఆడవాళ్లకూ అదే హక్కు కావాలన్నారు.

గిరి గానీ కజిన్స్ దంపతులు గానీ సైన్యాలు నడపలేదు, అందుకే ఎక్కడి చరిత్రలోనూ వీళ్లకు పెద్ద అధ్యాయం దక్కలేదు. కానీ ఓడిపోయిన ఒక తిరుగుబాటు ఖండాలు దాటి కార్మిక సంఘంగా, జాతీయగీతపు స్వరలిపిగా ఎలా మారిందో వీళ్ల బతుకులే చెబుతాయి. విజయాలనే లెక్కగడితే ఇలాంటి ఫలితాలు కంటికి ఆనవు.

యువ పరిశోధకులకు నా విన్నపం ఇది. గిరిగారి ఆత్మకథనూ కజిన్స్ దంపతులు కలిసి రాసుకున్న జ్ఞాపకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మదనపల్లె, బరంపురం, డబ్లిన్ ఊళ్లను కలిపే పుస్తకం ఒకటి తెలుగులో రాయండి. ఈ గ్రంథాలయం పుట్టిందే అలాంటి పుస్తకాల కోసం.