స్వేచ్ఛా కెర్నెల్ ఎందుకు కావాలి?

(నిర్మల్‌లో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరినారు. సొసైటీ తరఫున కంప్యూటర్ తరగతి పెట్టాలన్న ఆలోచన ఉన్నది గనుక, ఆ యంత్రం లోపల ఏమున్నది, అది ఎవరి చేతిలో ఉన్నదనే సంగతే మాట్లాడదలచినాము.

కంప్యూటర్‌లో మనకు కనిపించేవి తెర, బొమ్మలు, అక్షరాలు. లోపల వీటన్నిటినీ నడిపించే ఒక ప్రోగ్రాము ఉంటుంది. ఏ పని ముందు నడవాలి, దేనికి ఎంత మెమరీ ఇవ్వాలి, కీబోర్డుతో, డిస్కుతో, ప్రింటర్‌తో ఎట్లా వ్యవహరించాలి అన్నది అదే చూసుకుంటుంది. దానినే కెర్నెల్ అంటారు. గింజలోపలి పప్పు అని ఆ మాటకు అర్థం. మన ఉర్దూలో మగ్జ్ అంటే పప్పూ అవుతుంది, మెదడూ అవుతుంది. ఇక్కడ రెండర్థాలూ సరిపోతాయి.

ఈ మగ్జ్ ఒక్క కంపెనీ పెట్టెలో ఉంటే ఏమవుతుంది? విండోస్ 10కు ఇచ్చే మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్‌వారు 2025 అక్టోబర్ 14న ఆపివేసినారు. యంత్రాలు చెడిపోలేదు, కాని వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అదే ఏడాది జూలైలో, యూరప్ ఆంక్షల దరిమిలా, గుజరాత్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయినాయి. వారు ఢిల్లీ హైకోర్టుకు పోయినారు, తరువాత సేవలు తిరిగి వచ్చినాయి. అది మెయిల్ వంటి సేవల ముచ్చటే, కెర్నెల్‌ది కాదు. అయినా తాళంచెవి ఇంకొకరి దగ్గరుంటే ఎట్లుంటదో తెలియడానికి అది చాలు. చమురు కంపెనీ కోర్టు మెట్లెక్కగలదు. మన మొహల్లా బడి ఎక్కడికి పోవాలె?

మదీనాలోని రూమా బావి కథ మీ అందరికీ తెలిసినదే. బావి యజమాని నీళ్ళు అమ్ముకునేవాడు, బీదవారికి కష్టంగా ఉండేది. హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు ఆ యజమానితో తగాదా పడలేదు. ముందు సగం హక్కు కొన్నారు, తరువాత పూర్తిగా కొని అందరికీ వక్ఫ్ చేసినారు. ధనికుడూ పేదవాడూ ఒకే చేదతో తోడుకున్నారు.

కంప్యూటర్ల లోకంలో ఇటువంటి పనికే 1983 సెప్టెంబర్‌లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన పూనుకున్నాడు. యూనిక్స్ వంటిదే, కాని అందరిదీ అయిన వ్యవస్థ కట్టాలని గ్నూ అనే ప్రయత్నం ప్రకటించినాడు. 1990 నాటికి పనిముట్లు చాలావరకు తయారైనాయి, ఒక్క కెర్నెలే లేదు. మన నిర్మల్ నకాషీ వారి దగ్గర రంగులూ కుంచెలూ చింతగింజల ముద్దా అన్నీ ఉండి, పొనికి కర్ర లేకపోతే బొమ్మ తయారవుతుందా? హర్డ్ అనే కెర్నెల్‌ను వాళ్ళు మొదలుపెట్టినారు గాని అది ఆలస్యమైంది. ఇంతలో 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నెల్ రాసి, 1992లో దానిని గ్నూవారి జి.పి.ఎల్. అనే షరతు కిందికి తెచ్చినాడు.

ఆ షరతును మన మాటల్లో చెప్పాలంటే వక్ఫ్‌నామా వంటిది. ఎవరైనా వాడవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చి ఇతరులకు ఇచ్చేవాడు అదే హక్కును వాళ్ళకూ ఇవ్వాలి. ధర తీసుకోవచ్చు, తాళం వేయరాదు. ఇది ఆజాద్ అన్న మాట, ముఫ్త్ అన్న మాట కాదు. తెలుగులోనైనా స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు.

అయితే కాగితం మీద వక్ఫ్ అని రాసినంతలో పని అయిపోతుందా? వక్ఫ్ భూములు ఎన్నిచోట్ల కబ్జా అయినాయో ఈ సభకు మేము చెప్పనక్కరలేదు. చూసుకునే ముతవల్లీ ఉండాలె. లినక్స్‌కూ ఈ బాధ ఉన్నది. కొన్ని పరికరాలు నడవడానికి కంపెనీలు ఇచ్చే మూసిన ముక్కలు కావలసి వస్తాయి. లోపల ఏమున్నదో ఎవరికీ చూపరు. వాటిని ఏరివేసి లినక్స్-లిబ్రే అనే కూర్పును 2008 నుండి లాటిన్ అమెరికా మిత్రులు అందిస్తున్నారు. 2024 అక్టోబర్‌లో రష్యాకు చెందిన కొందరి పేర్లను లినక్స్ నిర్వాహకుల జాబితా నుండి తీసివేసినారు, ఆంక్షల చట్టాలే కారణమన్నారు. కోడ్ కాపీ చేసుకునే హక్కు ఎవరికీ పోలేదు. దానిని చూసుకునే కుర్చీ మాత్రం కొందరికి పోయింది.

మన దేశంలో సి-డాక్ వారి బాస్ 2007లో వచ్చింది, రక్షణ శాఖ 2023లో మాయా అన్నది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో వాడుకునే వ్యవస్థ తయారుచేసినారు. ఇవన్నీ మెచ్చదగినవే. కాని అన్నిటి అడుగునా ఉన్నది ఆ ఒక్క లినక్సే. బావి అందరిదే అయినా, బావి పని తెలిసినవారు మనలో లేకపోతే మనం తోడుకునేవాళ్ళమే గాని వారసులం కాము. అందుకే హర్డ్ వంటి రెండో బావి కూడా ఎండిపోకుండా ఉండాలంటున్నాము.

కొందరు పెద్దలు అడుగుతారు: "మాస్టర్ సాబ్, ఉద్యోగం విండోస్ మీద దొరుకుతది గదా?" వాస్తవమే, దఫ్తర్లలో అదే ఎక్కువ. అయితే మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నెల్ మీదనే. ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ జాబితా నుండి దానిమీదే నడుస్తున్నాయి. కేరళలో సర్కారు బడిపిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. వాళ్ళకు ఉద్యోగాలు రావడం లేదా?

కావున సొసైటీకి మా మనవి మూడు మాటలు. విండోస్ 11 ఎక్కదని దఫ్తర్లు పారేసే యంత్రాలను సేకరించి, వాటిమీద లినక్స్ వేసి తరగతి మొదలుపెడదాం. ఉర్దూ, తెలుగు రెండు లిపులలోనూ పిల్లలచేత రాయిద్దాం. మూడోది ముఖ్యం. మనం ఇచ్చే వజీఫాలలో ఏటా ఒకటి, సి భాష నేర్చి కెర్నెల్ కోడ్ చదవాలనే పిల్లకో పిల్లవాడికో ప్రత్యేకించుదాం. మూడు కోట్ల పైచిలుకు వరుసల కోడ్ అది, అంతా ఒక్కరు చదవరు. ఒక మూల తెలిస్తే చాలు. మన జిల్లా బాసరలోనే 2008 నుండి ఆర్.జి.యు.కె.టి. ఉన్నది, అక్కడి విద్యార్థులను మన పిల్లల దగ్గరికి పిలుచుకోవచ్చు.

బావి తవ్వినవారికి, నీళ్ళు తాగినవారు ఉన్నంతకాలం పుణ్యం చేరుతుందని మన పెద్దలు చెప్పినారు. దానిని సదకా-ఎ-జారియా అంటాము. ఒక పిల్లకు ఈ విద్య నేర్పించడం కూడా అటువంటిదేనని మేము నమ్ముతున్నాము.